పేరు మర్చిపోయిన ఈగ ధ్యానం చెయ్యలేదు

మొన్న మార్చిలో, మహిళా దినోత్సవం వారంలో, మా ఆఫీసులో పదేళ్ళ సర్వీసు దాటిన ఆడవాళ్ళకి ఒక వర్క్‌షాప్ పెట్టారు. మిడ్ కెరీర్ మలుపులో ఉన్న మహిళలు తమ దారి తాము ఎలా తెలుసుకోవాలి అన్నది విషయం. ఇరవై మందిమి పైనే వెళ్ళాం. ఏసీ హాలు, సన్నగా వేణువు, కుర్చీకొక లావెండర్ పొట్లం. కోచ్‌గా వచ్చినావిడ మర్యాదస్తురాలు, గొంతు కూడా బాగుంది. లైట్లు తగ్గించి, కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకోమంది. పక్కవాళ్ళ మాటలు వదిలెయ్యమంది, లెక్కలు వదిలెయ్యమంది. "మీకు నిజంగా ఏం కావాలో మీ లోపలి గొంతుని అడగండి. జవాబు అక్కడే ఉంది" అంది.

అడిగాను. నా లోపలి గొంతు ఏమాత్రం ఆలోచించకుండా చెప్పింది: "ఇవాళ పాపకి స్కూలు వ్యాన్ రాదు. మూడుంపావుకి ఎవరు వెళ్తున్నారు?"

ఇది జోకు కోసం చెప్పడం లేదు. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళూ తమకి ఏం వినిపించిందో పసుపు చీటీల మీద రాసి గోడకి అంటించాలి. నేను అబద్ధం రాశాను. "క్రియేటివిటీ" అని రాశాను. నా పక్కన కూర్చున్నావిడ "పీస్" అని రాసింది. టీ బ్రేకులో అడిగితే, ఆవిడకి నిజంగా వినిపించింది వాళ్ళ మావగారి డయాలసిస్ అపాయింట్‌మెంటట. ఆవిడా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చే దారిలో గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగిపోయినప్పుడు మాత్రం కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఈ వ్యాసం దాని గురించే.

నేను చెప్పదలుచుకున్నది సూటిగా చెప్పేస్తాను. ముప్పై ఐదుకీ నలభై ఐదుకీ మధ్య ఉద్యోగం మారాలా, మానాలా, పైకెక్కాలా అని కొట్టుకుంటున్న ఆడవాళ్ళకి "నీ అంతరంగాన్ని విను" అని చెప్పడం సలహా కాదు. సలహా ఇవ్వాల్సినవాళ్ళు తప్పుకునే పద్ధతి అది. దానికి మన సాహిత్యం కూడా, తెలిసో తెలియకో, కొంచెం సాయం చేస్తోంది.

*

ముందు నా సంగతి. 2010లో ఇంజనీరింగ్ అయిపోయి, క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగంలో చేరాను. 2017లో పాప పుట్టింది. ప్రసూతి సెలవుని పన్నెండు వారాల నుంచి ఇరవై ఆరు వారాలకి పెంచుతూ చట్టం మారింది కూడా ఆ ఏడాదే. కాబట్టి ఆ ఇరవై ఆరు వారాలు పూర్తిగా వాడుకున్న మొదటి బ్యాచుల్లో నేనొకదాన్ని. వెనక్కొచ్చిన కొన్నాళ్ళకి మా మేనేజర్ పిలిచి, టీమ్ లీడ్ చేస్తావా అని అడిగాడు. వారం గడువు అడిగాను. వారం రోజులూ బాగానే మథనపడ్డాను. చివరికి వద్దన్నాను. ఎందుకని అడిగిన వాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాను: "ఏమో, మనసు ఒప్పుకోలేదు."

ఆ మాట నేనూ నమ్మాను. నాలుగేళ్ళ పాటు నమ్మాను. నాకు లీడర్‌షిప్ మీద ఆసక్తి లేదు, మనుషుల్ని మేనేజ్ చెయ్యడం నా స్వభావం కాదు, నేను కోడ్ మనిషిని అని నా గురించి నేనే ఒక చిన్న జీవితచరిత్ర రాసిపెట్టుకున్నాను. కోవిడ్ రోజుల్లో ఇంట్లోంచి పనిచేస్తున్నప్పుడు, టీమ్‌లో ఇద్దరు వెళ్ళిపోతే, ఎవరూ పిలవకుండానే లీడ్ పని నా నెత్తిన పడింది. ఐదు నెలలు చేశాను. నచ్చింది! నాకు స్వభావసిద్ధంగా సరిపడదు అనుకున్న పని, తలుపు మూసుకుని హెడ్‌సెట్ పెట్టుకుంటే ఎంచక్కా సరిపడింది.

అప్పుడు ఒక ఆదివారం కూర్చుని, 2018లో ఆ వారం నేను అసలు ఏం ఆలోచించానో ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టాను. మాకు అలవాటైన పని అదొక్కటే కదా. లీడ్ అయితే క్లయింటుతో రోజూ సాయంత్రం ఆరున్నరకి కాల్. పాపని ఉంచే క్రెష్ ఏడింటికి మూసేస్తారు. ఆఫీసు నుంచి క్రెష్‌కి, ఆ రోడ్డు మీద, నలభై నిమిషాలు. మా ఆయన అప్పట్లో రాత్రి తొమ్మిదికి ముందు ఇంటికి రాడు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పి, రాలేదు. అత్తయ్య వస్తానన్నారు గానీ, "ఉద్యోగం చిన్నదైతే ఏం, ఇల్లు చల్లగా ఉంటే చాలు" అనే మాట కూడా ఆవిడతో పాటే వస్తుంది. ఇన్ని అంకెలు కూడి, తీసేసి, నా బుర్ర ఒక జవాబు ఇచ్చింది. ఆ జవాబు నాకు చేరేసరికి కాలమ్స్ అన్నీ మాయమయ్యాయి. మిగిలింది "మనసు ఒప్పుకోలేదు" అనే ఒక్క సెల్.

నేను అంతర్ దృష్టి అనుకున్నది ఇదీ. కొన్ని కాలమ్స్‌ని దాచేసిన లెక్క. అందులో సగం అంకెలు నావి కావు. క్రెష్ మూసే టైము నా స్వభావం కాదు. మా ఆయన ఇంటికొచ్చే టైము నా ఆత్మ చెప్పిన రహస్యం కాదు.

*

అలాగని ఇంట్యూషన్ అనేదే లేదని నేననడం లేదు. రోజూ దాని మీదే బతుకుతున్నాను. ప్రొడక్షన్‌లో ఏదో ఆగిపోయిందని అర్ధరాత్రి ఫోనొస్తే, లాగ్ ఫైల్ తెరిచి రెండు పేజీలు కిందికి జరిపేలోపే నాకు తెలిసిపోతుంది, ఇది డేటాబేస్ కనెక్షన్ల గొడవే అని. ఎలా తెలిసిందని జూనియర్ అడిగితే చెప్పలేను. కొత్తగా వచ్చినవాళ్ళకి మంత్రంలా ఉంటుంది. మంత్రమేం లేదు. అలాంటి రాత్రులు ఇప్పటికి కొన్ని వందలు చూశాను. ప్రతిసారీ గంటలోనో రెండు గంటల్లోనో నా ఊహ తప్పో ఒప్పో తేలిపోయింది. తప్పయినప్పుడల్లా చివాట్లు తిన్నాను. అలా తయారైన వాసన అది.

ఇంట్యూషన్ మీద జీవితమంతా పనిచేసిన ఇద్దరున్నారు. ఒకరు డేనియల్ కానెమాన్, మనిషి ఊహలు ఎన్ని రకాలుగా తప్పుతాయో చూపించినవాడు. రెండో ఆయన గేరీ క్లైన్, అగ్నిమాపక దళాల వాళ్ళు క్షణాల్లో ఎంత సరైన నిర్ణయాలు తీసుకుంటారో చూపించినవాడు. పూర్తిగా ఎదురెదురు శిబిరాలు. ఇద్దరూ కలిసి 2009లో ఒక పేపరు రాశారు. ఎక్కడ విభేదిస్తామో తేల్చుకుందామని మొదలుపెట్టి, పెద్దగా విభేదించలేక ముగించారు. వాళ్ళు తేల్చింది ఏమిటంటే, ఊహని నమ్మాలంటే రెండు ఉండాలి. ఆ పనికి ఒక క్రమం, ఒక పద్ధతి ఉండాలి. ఆ పని మళ్ళీ మళ్ళీ చేసి, ప్రతిసారీ ఫలితం చూసి నేర్చుకునే అవకాశం ఉండాలి. ఈ రెండూ లేనిచోట, లోపల ఎంత గట్టిగా "ఇదే కరెక్ట్" అనిపించినా ఆ అనిపించడానికి విలువ లేదు.

ఇప్పుడు చెప్పండి. ఉద్యోగజీవితంలో ఒక మనిషి ఇంత పెద్ద మలుపు ఎన్నిసార్లు తిరుగుతుంది? రెండుసార్లు, మహా అయితే మూడు. ఫలితం ఎప్పటికి తెలుస్తుంది? ఐదారేళ్ళకి. అప్పటికైనా, తిరగని దారిలో ఏముండేదో తెలుస్తుందా? తెలియదు. ఇంతకంటే ఇంట్యూషన్‌కి పనికిరాని వ్యవహారం ఇంకోటుందా? లాగ్ ఫైల్ దగ్గర ఎవ్వరూ నా అంతరంగాన్ని అడగమనరు. అక్కడ ఆధారం చూపించమంటారు. జీవితం దగ్గరికొచ్చేసరికి ఆధారాలు వదిలెయ్యమంటారు!

ఇంకో చిన్న తేడా గమనించండి. మా ఆఫీసులో మగవాళ్ళకి కూడా మిడ్ కెరీర్ శిక్షణ ఉంది. మా ఆయన వాళ్ళ కంపెనీలోనూ ఉంది. అందులో జీతం ఎలా బేరమాడాలి, వైస్ ప్రెసిడెంట్ దగ్గర ప్రాజెక్ట్ ఎలా అడగాలి, స్టాక్ ఆప్షన్ల మీద పన్ను ఎలా పడుతుంది అని చెప్పారు. లావెండర్ పొట్లాలు ఇవ్వలేదు.

*

ఈ "లోపలికి చూడు" వల్ల ఎవరికి లాభం అన్నది అసలు ప్రశ్న.

మా పాత టీమ్‌లో ఒకావిడ ఉండేది. నాకంటే రెండేళ్ళు సీనియర్. రెండో కాన్పు సెలవు నుంచి వచ్చాక ఆ ఏడు రేటింగ్ తగ్గించారు. ఆర్నెల్లు పనిచేసిందే ఆ ఏడాదిలో, దాన్ని పన్నెండు నెలలు పనిచేసిన వాళ్ళతో పోల్చి తూచారు. ఆవిడ అడిగింది. "బెల్ కర్వ్" అన్నారు. తర్వాత ముఖ్యమైన మాడ్యూల్ వేరేవాళ్ళకి వెళ్ళింది. "నీకు స్ట్రెస్ అవుతుందని" అన్నారు. ఆ తర్వాత ఆవిడకి కంపెనీ ఖర్చుతోనే ఒక కోచ్‌ని ఇచ్చారు. ఆరు సిట్టింగులు. ఆరో సిట్టింగ్ అయ్యేసరికి ఆవిడకి తన లోపలి గొంతు స్పష్టంగా వినపడింది: ఈ పరుగు నాకొద్దు. రాజీనామా చేసింది. కేక్ కట్ చేశాం. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో కారణం దగ్గర "వ్యక్తిగతం" అని పడింది.

చూశారా ఎంత నీటుగా అయిపోయిందో. రేటింగ్ ఇచ్చినవాడి పేరు ఎక్కడా లేదు. పద్ధతి పేరు లేదు. ఉన్నదల్లా ఆవిడ వ్యక్తిగతం. ఆవిడ ఇప్పుడు సంతోషంగా లేదని నేననను, ఆ తీర్పు చెప్పడానికి నేనెవర్ని. కానీ ఆ "వద్దు" అన్నది ఆవిడ గొంతేనా, పద్దెనిమిది నెలల పాటు ఆవిడ చెవిలో ఊదిన గొంతా అని ఆ ఆరు సిట్టింగుల్లో ఒక్కసారైనా ఎవరైనా అడిగారా?

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఒక అంకె ఉంది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దవాళ్ళని చూసుకోవడం దీనికి అదనం. అక్కడా ఆడవాళ్ళవి 137, మగవాళ్ళవి 75. అంతరంగం ఎంత లోతుగా తవ్వినా ఈ 289 లోంచి ఒక్క నిమిషం తగ్గదు. పైగా తవ్వడానికి ఇంకో ఇరవై నిమిషాలు, పొద్దున్నే ఐదింటికి లేచి జర్నలింగ్ చెయ్యమంటున్నారు.

చట్టం సంగతీ చూడండి. 2017 సవరణలో యాభై మందికి పైన ఉన్న సంస్థలు క్రెష్ సౌకర్యం కల్పించాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చనీ కూడా ఉంది. ఈ సంగతి మన వర్క్‌షాపుల్లో ఎవరైనా చెప్పగా విన్నారా? ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి మాత్రం చట్టప్రకారం ఒక్క రోజు సెలవు లేదు. అంటే బిడ్డ పుట్టిన మొదటిరోజు నుంచే, ఎవరి కెరీర్ ఆగాలో చట్టం ఒక సూచన ఇచ్చేస్తోంది. పదేళ్ళ తర్వాత వచ్చి "మీకు నిజంగా ఏం కావాలి" అని మమ్మల్ని అడుగుతారు.

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఈ విషయం మీద జీవితమంతా పనిచేసింది. ఆవిడ అమెరికా గురించి చెప్పింది గానీ, చదువుతుంటే మా ఆఫీసు మూడో అంతస్తు గురించి రాసినట్టే ఉంటుంది. కొన్ని ఉద్యోగాలు వేళాపాళా లేకుండా అందుబాటులో ఉండేవాళ్ళకి మామూలు కంటే చాలా ఎక్కువ ముట్టజెబుతాయి. గ్రీడీ ఉద్యోగాలు అంటుందావిడ. పిల్లలున్న ఇంట్లో ఇద్దరూ అలాంటి ఉద్యోగం చెయ్యలేరు. ఒకళ్ళు వెనక్కి తగ్గాలి. ఎవరు తగ్గుతారో మనకి తెలుసు. దానికి మందేమిటో కూడా ఆవిడ ఒక ఉదాహరణతో చూపించింది. ఫార్మసిస్టులు. ఒకరి బదులు ఇంకొకరు సులువుగా కౌంటర్లో నిలబడగలిగేలా ఆ పని మారిపోయింది. దాంతో తక్కువ గంటలు చేసినందుకు పడే శిక్ష దాదాపు పోయింది, ఆడా మగా సంపాదనల్లో తేడా బాగా తగ్గింది. ఫార్మసిస్టులెవరూ సామూహికంగా అంతర్ముఖులు కాలేదు. పని కట్టడం మారింది.

*

దీనికి ఎదురువాదం ఒకటుంది. అది తేలికపాటిది కాదు.

ఆడదానికి నీ ఫీలింగ్స్ నమ్మొద్దు అని ఇన్ని వందల ఏళ్ళు చెప్పారు కదా. నీకేం తెలుసు, నీది భ్రమ, నీది హార్మోన్లు అన్నారు కదా. అలాంటప్పుడు ఒక స్త్రీ తన కడుపులోని అలజడిని తాను నమ్మడమే తిరుగుబాటు కాదా? స్త్రీవాదం మొదలైందే సొంత అనుభవాన్ని నమ్మడంతో కదా?

అవును. ఒప్పుకుంటాను. ఆ అలజడిని కొట్టిపారేయమని నేననడం లేదు. అది ఫైర్ అలారం లాంటిది. మోగిందంటే ఎక్కడో ఏదో కాలుతోంది. కానీ ఏ అంతస్తులో కాలుతోందో, ఎందుకు కాలుతోందో అలారం చెప్పదు. దానికి వెళ్ళి చూడాలి.

ఇక స్త్రీవాదం మాట. వ్యక్తిగతమే రాజకీయం అన్న మాట పేరుగా ఉన్న వ్యాసాన్ని కారల్ హానిష్ 1969లో రాసింది. ఆ వ్యాసం ఎందుకు రాయాల్సొచ్చిందో మనం మర్చిపోయాం. ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని సొంత గోడు చెప్పుకుంటుంటే, ఇదేం ఉద్యమం, ఇది థెరపీ అని సాటి ఉద్యమకారులే వెక్కిరించారు. కాదు, ఇది థెరపీ కాదు, ఒకరి గోడు ఇంకొకరి గోడుతో పోల్చి చూసుకుంటేనే అది వ్యక్తిగతం కాదని తెలుస్తుంది అని ఆవిడ జవాబు. అంటే అక్కడ కళ్ళు మూసుకోలేదు. తెరిచి, ఎదుటివాళ్ళ మొహం చూస్తూ చెప్పుకున్నారు. "నాకూ అంతే" అన్న మాట దగ్గర అసలు పని మొదలైంది. మా వర్క్‌షాప్ హాల్లో ఇరవై మందికి పైగా ఆడవాళ్ళం పక్కపక్కనే కూర్చుని, ఒకళ్ళ రేటింగ్ ఒకళ్ళకి చెప్పుకోకుండా, ఒకళ్ళ జీతం ఒకళ్ళకి తెలియకుండా, కళ్ళు మూసుకుని లేచొచ్చాం. అర్ధశతాబ్దం తర్వాత ఆ వెక్కిరింతనే నిజం చేసి మనకి ప్యాకేజీగా అమ్ముతున్నారు.

*

ఇక సాహిత్యం వైపు వస్తాను. నేను విమర్శకురాలిని కాదు, చదివి ఊరుకోలేక రాసే మనిషిని. కాబట్టి పొరపాటుంటే సరిదిద్దండి.

ఈ పదేళ్ళలో వెబ్ పత్రికల్లో, సంకలనాల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్ళ కథలు చాలా చదివాను. వాటిలో ఎక్కువ కథలకి ఒకటే ముగింపు. దానికి నేను కిటికీ ముగింపు అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ నలిగిపోతుంది, నలిగిపోతుంది, చివరి పేరాలో కిటికీ దగ్గరికి వెళ్తుంది. బయట వాన పడుతూనో, వెలిసో ఉంటుంది. ఏదో తేలికగా అనిపిస్తుంది. ఒక నిర్ణయం తీసుకుంటుంది. కథ అయిపోతుంది. ఆ నిర్ణయం ఏమిటో కొన్నిసార్లు మనకి చెప్పను కూడా చెప్పరు, అదొక శిల్పం.

మర్నాడు పొద్దున్న ఏమైంది? నోటీస్ పీరియడ్ తొంభై రోజులు ఎలా గడిచింది? హోమ్ లోన్ ఈఎమ్ఐ ఎవరు కట్టారు? ముప్పై తొమ్మిదేళ్ళకి ఇరవై ఆరేళ్ళ కుర్రాడి ముందు ఇంటర్వ్యూకి కూర్చుంటే ఎలా ఉంటుంది? మూడేళ్ళ గ్యాప్‌ని రెజ్యూమేలో ఏమని రాసింది? నాకు తెలిసిన ఆడవాళ్ళ జీవితాల్లో కథంతా ఇక్కడే ఉంది. మన కథలు ఇక్కడిదాకా రావు.

ఇల్లు వదిలి వెళ్ళే స్త్రీ మనకి చలం కాలం నుంచీ తెలుసు. ఇబ్సెన్ నోరా అంతకంటే ముందు, 1879లోనే తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. 1923లో చైనా రచయిత లూసున్ బీజింగ్‌లో ఆడపిల్లల కళాశాలలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు, నోరా వెళ్ళిపోయాక ఏమవుతుంది అని. చెడిపోవాలి, లేకపోతే తిరిగి రావాలి అన్నాడు, మేలుకున్న మనసు ఒక్కటే ఉంటే చాలదనీ, చేతిలో డబ్బుండాలనీ. వందేళ్ళు దాటింది. మన కథ ఇంకా తలుపు దగ్గరే, కాదు, కిటికీ దగ్గరే నిలబడి ఉంది.

మన వెనకటి రచయిత్రులు ఇంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. అబ్బూరి ఛాయాదేవి 'బోన్సాయ్ బ్రతుకు'నే తీసుకోండి. మొక్కలో ఏదో లోపం ఉండి అది మరుగుజ్జు కాలేదు, కుండీ వల్ల, కత్తెర వల్ల అయింది అని ఆ కథ చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. ఇప్పటి సలహాదారులు ఆ మొక్క దగ్గర కూర్చుని, నీ వేళ్ళు ఏమంటున్నాయో విను అంటున్నారు.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' ఇంకా గొప్పది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఇల్లాలి కథ అది. దాని వెనక మన చిన్నప్పటి ఈగ కథ ఉందని మీకు తెలుసు. అందులో ఈగ కూడా ఇల్లలుకుతూనే పేరు మర్చిపోతుంది. అప్పుడు ఏం చేసింది ఈగ? కళ్ళు మూసుకుని కూర్చోలేదు. పెద్దమ్మని అడిగింది. పెద్దమ్మ కొడుకుని అడిగింది. కొడుకు చేతిలో గొడ్డలిని, చెట్టుని, గుర్రాన్ని... ఊళ్ళోని కథకొక వరస, అడగడం మాత్రం అన్నిట్లోనూ ఉంది. చివరికి గుర్రం కడుపులో పిల్ల సకిలించి పేరు చెప్పింది. సత్యవతిగారి ఇల్లాలు కూడా అంతే. పక్కింటావిడని అడుగుతుంది, పిల్లల్ని, భర్తని అడుగుతుంది. పుట్టింటికి వెళ్తుంది. సర్టిఫికెట్ల కోసం వెతుకుతుంది. ఆఖరికి పేరు చెప్పింది ఎవరు? పాత స్నేహితురాలు. నువ్వు శారదవి కదే, బాగా చదివేదానివి, పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తుచేసింది.

నేను ఈ కథని ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు చదివాను, పెళ్ళయ్యాక చదివాను, మొన్న వర్క్‌షాప్ అయ్యాక మళ్ళీ చదివాను. ఈసారి కనపడింది ఇది: మర్చిపోయిన పేరు లోపల లేదు. లోపల ఉంటే మర్చిపోవడం ఎందుకవుతుంది? అది ఇంకొక మనిషి జ్ఞాపకంలో భద్రంగా ఉంది. సర్టిఫికెట్ లాంటి ఒక కాగితంలో ఉంది. వెతకాల్సింది అక్కడ.

*

ఇంకో మాట చెప్పకపోతే నేను దొంగనవుతాను. నేను ఈ వ్యాసం రాయగలుగుతున్నది మా ఇంట్లో వంటచేసే అక్క పొద్దున్నే ఏడింటికి వస్తుంది కాబట్టి. ఆవిడకీ నాకూ దాదాపు ఒకటే వయసు. పాలమూరు వైపు నుంచి వచ్చింది. మొదట బిల్డింగు పని, తర్వాత ఒక హాస్టల్లో వంట, ఇప్పుడు నాలుగిళ్ళు. అంటే నాకంటే ఎక్కువ కెరీర్ మలుపులు తిరిగింది. హాస్టల్ మానేసి ఇళ్ళకి ఎందుకు మారావక్కా అని అడిగాను. నేనేదో గొప్ప జవాబు కోసం చూస్తున్నాను. "మేడమ్, ఆడ పద్దెనిమిది వేలు, రాత్రి పదింటిదాక. ఈడ నాలుగిండ్లకి ఇరవై నాలుగు, పగటీలికే ఇంట్ల ఉంట. ముందుగాల రెండిండ్లు పట్టి సూశిన, కుదిరినంక మానేసిన" అంది.

హెర్మినియా ఇబార్రా అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 2003లో 'వర్కింగ్ ఐడెంటిటీ' అని ఒక పుస్తకం రాసింది. నడివయసులో వృత్తి మారినవాళ్ళని దగ్గర్నుంచి చూసి ఆవిడ చెప్పిందేమిటంటే, ముందు నన్ను నేను తెలుసుకుని తర్వాత మారతాను అనుకున్నవాళ్ళు అక్కడే ఉండిపోతారు. చిన్నచిన్న ప్రయోగాలు చేసి, కొత్త మనుషుల్ని కలిసి, చేస్తూ చేస్తూ తెలుసుకున్నవాళ్ళు మారతారు. ముందు రెండిళ్ళు పట్టి చూశాను అన్న మాటకి ఇంతకంటే మంచి అనువాదం నాకు తెలియదు. అయితే అక్క జీవితాన్ని ఇక్కడ నీతికథ చేసి వాడుకోకూడదు. ఆవిడకి సెలవు లేదు, పీఎఫ్ లేదు, నేను రెండు నెలలు అమెరికా వెళ్తే ఆ రెండు నెలలు మా ఇంటి జీతం ఇవ్వాలన్న రూలు లేదు. మేం ఇచ్చామా అంటే, పోయినసారి సగం ఇచ్చాం. రాయడానికి సిగ్గుగానే ఉంది. నా సమయం ఎవరి సమయంలోంచి వస్తోందన్నది కూడా నా స్ప్రెడ్‌షీట్‌లో లేని కాలమ్.

*

వర్క్‌షాప్ తర్వాత నేనేం చేశానో చెప్పి ముగిస్తాను. నా ముందు మూడు దారులున్నాయి. మేనేజర్ అవడం, ఇప్పుడున్నట్టే ఉండిపోవడం, రెండేళ్ళు ఆగిపోవడం. ఈగలాగా తిరిగాను. ఎనిమిది మందిని అడిగాను. మేనేజర్లయిన ఇద్దరు ఆడవాళ్ళని, అయ్యి వెనక్కొచ్చిన ఒకావిడని, ఉద్యోగం మానేసి మళ్ళీ చేరినావిడని. జీతాలు అడిగాను. మొదట ఇబ్బంది పడ్డారు, తర్వాత చెప్పారు. ఒకే పనికి నాకూ ఇంకొకతనికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. రాజీనామా చేసిన ఆ పాత టీమ్ ఆవిడకీ ఫోన్ చేశాను. రెండు గంటలు మాట్లాడుకున్నాం. రేటింగ్ కథ ఇద్దరం పోల్చి చూసుకుంటే తేదీలతో సహా ఒకటే పద్ధతి. అన్నీ విని ఆవిడ, "నువ్వు డిజైన్ డాక్యుమెంట్ రాస్తే టీమంతా చదివేవాళ్ళం, గుర్తుందా? ఇంకెవరిదీ చదివేవాళ్ళం కాదు" అంది. నాకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు.

ఇంట్లో కూడా స్ప్రెడ్‌షీట్ తెరిచాను. మా ఆయన మంచివాడే. కానీ మంచితనం క్యాలెండర్లో కనిపించాలి కదా. వాదన అయింది, రెండ్రోజులు మాటల్లేవు. ఇప్పుడు సోమ, బుధ, గురువారాలు పాపని తీసుకురావడం ఆయన పని. ఆయన మేనేజర్‌కి ఆయనే చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయనకి అది మొదటిసారి అట.

ఆఫీసులో మూడు నెలలు వేరే టీమ్‌లో ఆర్కిటెక్ట్ పని చేసి చూస్తానని అడిగాను. జీతం తేడా సంగతి కూడా కాగితం మీద పెట్టి అడిగాను. మొదటిదానికి సరేనన్నారు. రెండోదానికి ఇంకా జవాబు రాలేదు, ప్రతి పదిహేను రోజులకీ గుర్తుచేస్తున్నాను. ఇది సరైన నిర్ణయమా కాదా నాకు తెలియదు. లోపల ఏ గొంతూ ఏమీ చెప్పడం లేదు. మూడు నెలల్లో ఒకటిన్నర అయింది. పని కష్టంగా ఉంది, బాగుంది.

పైనెల మళ్ళీ వర్క్‌షాప్ ఉందని హెచ్చార్ వాళ్ళు మెయిల్ పెట్టారు. విషయం ఏముంటే బాగుంటుందో చెప్పమన్నారు. జీతాల పట్టిక, రేటింగ్ పద్ధతి, క్రెష్ ఏడింటిదాకా కాకుండా ఎనిమిదిన్నరదాకా అని మూడు లైన్లు రాసి పంపాను. కిందన ఇంకో ఐదుగురు ఆడవాళ్ళ పేర్లు పెట్టాను. అడిగే పెట్టాను.